ఊరి డబ్బు లెక్క ఫోన్‌లో: ఈ-గ్రామ్ స్వరాజ్, మేరీ పంచాయత్ వాడి చూశాక నా మాట

పంచాయతీకి ఎంత డబ్బొచ్చింది, దేనికెంత పోయింది అని తెలుసుకోవాలంటే మా నాన్న రోజుల్లో ఒకటే దారి. సర్పంచి గారు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అరుగు మీద కూర్చుని మెల్లగా కదపడమే. ఇప్పుడు ఎవరైనా, ఎక్కడ కూర్చునైనా, ఎవర్నీ అడక్కుండా చూడొచ్చు. ఈ సంగతి మా ఊళ్ళో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళలో కూడా ఎక్కువమంది ఒకసారి తెరిచి, ఆ పట్టికలు చూసి బెదిరి మూసేశారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది బాపట్ల జిల్లాలో కాలవ గట్టు మీద ఊరు. పంచాయతీ ఆఫీసుకి ఎదురుగా నాకు జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు ఉంది. ఆధార్ జిరాక్సులు, అడంగల్ ప్రింట్లు, పిల్లల హాల్ టికెట్లు, కరెంటు బిల్లులు, ఇవీ నా రోజువారీ పనులు. షాపు మీద ఏ పార్టీ జెండా లేదు. పెడితే సగం ఊరు పక్క ఊరికెళ్ళి జిరాక్స్ తీయించుకుంటుంది. కాబట్టి ఇది ఎవర్నీ పొగడ్డానికో తిట్టడానికో రాస్తున్నది కాదు.

ముందు ఏది ఏమిటో చెప్తాను. ఈ-గ్రామ్ స్వరాజ్ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వెబ్‌సైటు. 2020 ఏప్రిల్ 24న, లాక్‌డౌన్ మధ్యలో మొదలైంది. ఆ తేదీకి ఒక లెక్కుంది. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ 1993లో అదే రోజున అమల్లోకి వచ్చింది, అందుకే దాన్ని పంచాయతీరాజ్ దినంగా జరుపుతారు. ఊరి అభివృద్ధి ప్రణాళిక, వచ్చిన నిధులు, పెట్టిన ఖర్చు, పనుల వివరాలు పంచాయతీ వాళ్ళు ఎక్కించేది ఇందులోనే. మేరీ పంచాయత్ అదే శాఖ తెచ్చిన ఫోన్ యాప్. సైటులో ఉన్నదాన్ని మామూలు జనానికి చూపించడానికి, వాళ్ళ మాట తీసుకోవడానికి చేశారు. ఊళ్ళో వాళ్ళు పని కావాలని అడగొచ్చు, జరిగిన పనికి రేటింగ్ ఇవ్వొచ్చు, ఫోటో పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. నేను షాపులో కంప్యూటర్ మీద సైటు వాడతాను, ఫోన్‌లో యాప్ వాడతాను. పెద్ద తెర ఉంటే సైటే హాయి. ఆ పట్టికల్ని ఫోన్‌లో అటూ ఇటూ జరుపుతూ చదవడం కళ్ళకి శిక్ష.

సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటూ పోవాలి. మండలం దగ్గర బ్లాక్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, అదే మన మండలం. ఒకే పేరుతో నాలుగు కొత్తపాలేలు ఉన్న జిల్లాలు మనవి కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా చెప్తాను. దేశంలో ప్రతి పంచాయతీకి ఒక కోడ్ ఉంటుంది, ఎల్‌జీడీ కోడ్ అంటారు. మీ పంచాయతీ కోడ్ ఒకసారి కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి. వేరే ఊరి లెక్కలు పట్టుకొచ్చి మన సర్పంచితో గొడవపడే ప్రమాదం తప్పుతుంది. నవ్వకండి, నా షాపు ముందే జరిగింది.

ఇక అసలు విషయం, డబ్బు. సైటు తెరిచిన ప్రతివాడూ మొదట చూసేది ఒక్క అంకె, పంచాయతీకి ఎంత వచ్చింది అని. చూడగానే, "ఇన్ని లక్షలుంటే మా వీధిలో లైటు ఎందుకు వెలగట్లేదు?" అంటాడు. ఇక్కడే ఆగి ఒక సంగతి తెలుసుకోవాలి, లేకపోతే ఆ అంకె చూసి ప్రయోజనం లేదు. పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చే పెద్ద డబ్బు ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు దేశం మొత్తం మీద గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. ఆ అయిదేళ్ళ డబ్బులో నూటికి 60 వంతులు టైడ్ గ్రాంటు, అంటే కట్టేసిన డబ్బు. సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాన నీటి నిల్వ లాంటివాటికే వాడాలి. మిగతా 40 వంతులు అన్‌టైడ్. ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు.

అంటే ఖాతాలో ఆరు లక్షలు కనిపించినా, అందులో వీధి దీపానికి పనికొచ్చేది కొంతే ఉంటుంది. మిగతాది కాలవలకు, చెత్తకు, నీళ్ళ ట్యాంకుకు. ఈ తేడా చెప్తే మా ఊళ్ళో సగం కోపం చల్లారింది. మిగతా సగం వేరే వైపు తిరిగింది: "కాలవలకే అంత డబ్బుంటే మా కాలవ ఎందుకు ఇలా ఉంది?" అని. అది సరైన ప్రశ్నే.

ఇంటిపన్ను, నీటిపన్ను, సంత వేలం లాంటి ఊరి సొంత ఆదాయం వేరే పద్దు. ఆర్థిక సంఘం పద్దుని, ఈ సొంత ఆదాయం చేరే సాధారణ నిధిని కలిపి కూడేయకండి. వోచర్లు చూసేటప్పుడు ఏ పథకం కింద ఖర్చు పెట్టారో ముందు చూడండి. బ్లీచింగ్ పౌడర్, మోటారు రిపేరు, పైపులైను లీకేజీ, చెత్త ట్రాక్టర్ డీజిలు, ఎక్కువగా ఇలాంటి చిన్న చిన్న ఖర్చులే ఉంటాయి. చూస్తూ పోతే ఊరు నడవడానికి నెలకి ఏం కావాలో తెలుస్తుంది. నాకైతే అది భలే నచ్చింది. బోరు మోటారు కాలినప్పుడల్లా పంచాయతీని తిట్టేవాళ్ళం. దాన్ని బాగు చేయించడానికి ఎంతవుతుందో ఎవరం అడిగిన పాపాన పోలేదు.

కుమ్మరి వీధి డ్రెయిను సంగతి చెప్తే ఈ సైటు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుస్తుంది.

ఆ వీధి పల్లంలో ఉంటుంది. గట్టి వాన పడితే పై వీధుల నీళ్ళన్నీ అక్కడికే దిగుతాయి. అక్కడ సీసీ డ్రెయిను వేశారు, కానీ రామాలయం మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి కల్వర్టు దాకా ఉన్న ఇళ్ళవాళ్ళు గడప ముందు ఇటుకలు పరుచుకుని నడుస్తుంటారు. చివరింటి మామ్మగారు ఓ రోజు ఆధార్ జిరాక్స్‌కి వచ్చి, "ఏమ్మాయ్, నీ కంప్యూటర్లో పంచాయతీ గుట్టంతా తెలుస్తుందంట కదా, మా కాలవ ఎప్పుడు కడతారో చూసి చెప్పు" అంది.

తెరిచాను. పని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, కుమ్మరి వీధి నుంచి కల్వర్టు వరకు సీసీ డ్రెయిను అని. పక్కన, పూర్తయింది అని. నాలుగు లక్షల చిల్లర ఖర్చు.

చదివి వినిపిస్తే మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని తెర వైపు చూసి, "పూర్తయిందా? అయితే నా గుమ్మం ముందు నీళ్ళు ఎవరి ఇంటివి?" అంది. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది, కుమ్మరి వీధి కాలవ డబ్బు తినేశారంట అని.

ఈ పద్ధతిలో పనులకు మూడు దశల్లో ఫోటోలు తీయాలి. పని మొదలు కాకముందు ఒకటి, జరుగుతున్నప్పుడు ఒకటి, అయిపోయాక ఒకటి, ఎక్కడ తీశారో గుర్తుతో సహా. మా డ్రెయిను ఫోటోలు కూడా చూశాం. మొదటిదాంట్లో బురద వీధి, ఓ పక్కన గేదె. రెండోదాంట్లో సెంట్రింగ్ రేకులు, గోడకి ఆనించిన ఆకుపచ్చ సైకిలు. మూడోదాంట్లో నున్నటి కొత్త కాలవ, పక్కన సున్నం కొట్టిన రామాలయం గోడ. మూడూ మలుపు దగ్గర నిలబడి పై వీధి వైపు తీసినవే. కల్వర్టు వైపు కెమెరా తిప్పినవాళ్ళే లేరు. ఫోటోల్లో అబద్ధమేమీ లేదు. కనిపించిన కాలవ కట్టిన మాట నిజమే.

అందుకని పని పేరు, ఖర్చు ఉన్న పేజీ ప్రింటు తీసి ఆ ఇళ్ళవాళ్ళకి ఇచ్చాను, గ్రామసభలో అడగండని. మా ఊళ్ళో అంతకుముందు గ్రామసభ అంటే తూతూమంత్రమే. టెంటు కింద పది కుర్చీలు, మైకు టెస్టింగ్, తీర్మానాలు చదవడం, టీ. సంతకాల పుస్తకం తర్వాత తీరిగ్గా ఇళ్ళకి తిరిగేది. ఈసారి కుమ్మరి వీధి ఆడవాళ్ళంతా ముందు వరసలో కూర్చున్నారు. మామ్మగారు కాగితం పట్టుకుని లేచి, "ఇందులో అయిపోయిందని రాశారు, మా వీధికొచ్చి ఎక్కడ అయిపోయిందో చూపించండి బాబూ" అంది. అంతే. అరవలేదు, తిట్టలేదు.

పంచాయతీ సెక్రటరీ గారు కాసేపు నీళ్ళు నమిలారు. తర్వాత సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటుని పిలిపించి ఎస్టిమేటు తెప్పించారు. తేలిందేమిటంటే, ప్లాన్‌లో కల్వర్టు వరకు అని రాసి ఎక్కించారు. ఎస్టిమేటు వేసేసరికి ఆ డబ్బుకి మలుపు దాకానే వచ్చింది. అక్కడితో ఆపి బిల్లు చేశారు. పని పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కల్వర్టు దాకా పూర్తయిందని సైటులో ఉన్న పనిని మళ్ళీ ప్లాన్‌లో పెడితే ఆడిట్‌లో అడుగుతారని, ఆ మిగిలిన ముక్కని ఎవరూ కదపలేదు. ఒక్క లైను తప్పుగా ఉన్నందుకు ఆ ఇళ్ళకి కాలవ లేకుండా పోయింది.

డబ్బు తిన్నారా లేదా అన్నది మాత్రం సైటులో తేలదు. దానికి ఎం-బుక్ చూడాలి. ఎన్ని మీటర్లు కట్టారు, ఎంత లోతు, ఎంత వెడల్పు అని కొలిచి రాసే పుస్తకం అది. సైటులో రూపాయలు కనిపిస్తాయి గానీ మీటర్లు కనపడవు. మామ్మగారి మనవడు సమాచార హక్కు కింద ఎం-బుక్ నకలు అడిగాడు. ఇక్కడో మంచి సంగతి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులో సమాచార హక్కు అర్జీకి ఫీజే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. నకలు వచ్చింది. టేపు పట్టుకుని కుర్రాళ్ళు వీధిలో కొలిచారు. కట్టిన పొడుగు, రాసిన పొడుగు సరిపోయాయి. బిల్లు మలుపు దాకా కట్టినదానికే ఇచ్చారు. అంటే ఎవరూ తినలేదు. ఆ రోజు షాపు ముందు "తినేశారంట" అన్నవాళ్ళలో ఈ మాట మళ్ళీ ఊరంతా చెప్పినవాళ్ళు తక్కువే అనుకోండి, అది వేరే సంగతి.

మిగిలిన ముక్క ఇప్పుడు రామాలయం మలుపు నుంచి కల్వర్టు వరకు అనే కొత్త పేరుతో ప్లాన్‌లో కనిపిస్తోంది. నేనిది రాసేనాటికి తవ్వకం మొదలుకాలేదు. మామ్మగారు మాత్రం వారానికోసారి షాపుకొచ్చి, "ఉందా, తీసేశారా?" అని అడిగి వెళ్తుంది.

ఈ సైటు ఏం చేస్తుందో దీన్నిబట్టే చెప్తాను. ఏం అడగాలో మనకి చూపిస్తుంది. జవాబు మాత్రం సభలోనే రాబట్టుకోవాలి. ఫోన్‌లో చూసి, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పడేసి, నాలుగు తిట్లు తిట్టుకుని పడుకునేవాళ్ళకి దీనివల్ల బీపీ పెరగడం తప్ప లాభం లేదు. సగం సమాచారం వల్ల ఊళ్ళో ఎంత రచ్చ అవుతుందో కళ్ళారా చూశాను.

అసలు ఎప్పుడు అడగాలి అన్నదీ ముఖ్యమే. చాలామంది వానాకాలంలో కాలవ పొంగాక వచ్చి అడుగుతారు. అప్పటికి ఆ ఏడాది ప్లాన్ ఎప్పుడో ఎక్కించేసి ఉంటారు. వచ్చే ఏడాది ప్లాన్ కోసం జనం మాట తీసుకునే కార్యక్రమాన్ని 2018 అక్టోబరు 2న మొదలుపెట్టారు, అప్పట్నుంచి ఏటా అక్టోబరులో ఆ హడావుడి మొదలవుతుంది. దసరా, దీపావళి మధ్యలో వచ్చే ఆ సభల్ని వదులుకోవద్దు. అప్పుడు పేరెక్కితేనే మరుసటి ఏడాది డబ్బు. యాప్‌లో కూడా పని కావాలని అడిగే వీలుంది, అడగండి. కానీ యాప్‌లో పెట్టాను కదా అని సభకి ఎగనామం పెట్టొద్దు. తీర్మానం పుస్తకంలోకి ఎక్కేది సభలోనే.

యాప్ ఇంకో విధంగా నాకు పనికొచ్చింది. 2024 అక్టోబరు 24 నుంచి పంచాయతీ వారీగా అయిదు రోజుల వాతావరణ సూచన ఇందులో ఇస్తున్నారు, వాతావరణ శాఖ లెక్కలతో. మా ఊళ్ళో ఈ యాప్ ఎక్కించుకున్న మగవాళ్ళలో ముప్పాతిక మంది దానికోసమే ఎక్కించుకున్నారు. ఎరువు చల్లాలా, ధాన్యం ఆరబోయాలా, పట్టాలు కప్పాలా అన్న టెన్షన్ వాళ్ళది. వానొస్తుందో లేదో చూడ్డానికి తెరిచినవాడు కింద నిధులు అన్నచోట ఒక నొక్కు నొక్కక మానడు. పౌర భాగస్వామ్యం అని ఉపన్యాసాలిస్తే ఎవరూ రారు, వాన కబురు చెప్తే వస్తారు. ఈ ఆలోచన చేసినవాళ్ళెవరో గానీ పల్లెటూరు తెలిసినవాళ్ళే. సూచన ప్రతిసారీ అచ్చంగా నిజమవుతుందని మాత్రం నేను పూచీ పడను.

భాష గురించి. కేంద్రం వాళ్ళ అనువాద సాధనం భాషిణి సాయంతో సైటు తెలుగుతో సహా 22 భాషల్లో చదువుకునే ఏర్పాటు చేశారు. మెనూలు, హెడ్డింగులు అలా నెట్టుకురావచ్చు. పనుల పేర్లు మాత్రం పంచాయతీలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు ఎలా కొడితే అలాగే ఉంటాయి. మా ఊళ్ళో అవి ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతో ఉంటాయి. సెంటర్‌లో వాటర్ ట్యాంకు పేరు రెండు పనుల్లో రెండు రకాలుగా ఉంది, అవి ఒకటే ట్యాంకని తెలియడానికి నాకు కాస్త టైము పట్టింది. ఊళ్ళో పనులకి తెలుగులో పేరు పెట్టి తెలుగులోనే కొట్టండి అని ఒక తీర్మానం చేస్తే మా మామ్మగారు కూడా తనే చదువుకుంటుంది.

ప్రజాప్రతినిధుల వివరాలున్న పేజీ ఒకటుంది. మా సర్పంచి మహిళ. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ పదవుల్లో సగం మహిళలకే కదా. పేజీలో పేరు ఆవిడదే. ఫోన్ చేస్తే ఎత్తేది మాత్రం వాళ్ళాయన. దీనికి యాప్ ఏం చేస్తుంది పాపం.

మా పిన్ని వాళ్ళది ఖమ్మం జిల్లా. అక్కడ ఇదే సైటు చూస్తే వేరే పాఠం. తెలంగాణలో పాత సర్పంచుల గడువు 2024 జనవరి ఆఖరుతో అయిపోయింది, కొత్త ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఆ మధ్యంతా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు రాదు, నిబంధనే అది. సర్పంచి లేకపోతే ఏమైంది, ఆఫీసరున్నాడుగా అనే వాళ్ళకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మా వైపు చట్టం ఏడాదికి కనీసం రెండు అంటుంది, ప్రత్యేక సభలు అదనం. పిన్ని ఊళ్ళో రెండు నెలలకోసారి నిజంగా పెడితే ఈ సైటు వాళ్ళకి మాకంటే ఎక్కువ పనికొస్తుంది.

సభల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఆ రోజు మా ఊళ్ళో కుర్చీలు చాలక స్కూలు నుంచి బెంచీలు తెచ్చారు. ఎక్కువగా ఉపాధి హామీ పనుల మీదే చర్చ, సీసీ రోడ్లు, పశువుల షెడ్లు, పంట కుంటలు. జనం వస్తే సభ ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. తర్వాత సభకి మళ్ళీ పది కుర్చీలే. కుమ్మరి వీధి గొడవ లేకపోతే అవీ నిండేవి కావు.

కొత్తగా సభాసార్ అని ఇంకోటి వచ్చింది, 2025 ఆగస్టులో మొదలుపెట్టారు. సభలో మాట్లాడిన ఆడియో, వీడియో ఎక్కిస్తే కంప్యూటరే మినిట్స్ తయారుచేసి ఇస్తుంది. మా ఊళ్ళో ఇంకా పని చేయగా చూడలేదు కాబట్టి దానికి మార్కులు వేయను. కానీ ఒకటి చెప్పగలను. మా సభల్లో మైకు ఉండేది వేదిక మీద వాళ్ళ చేతిలో. అడిగేవాళ్ళు కింద నిలబడి అరుస్తారు. ఆ రికార్డింగ్ వింటే చెప్పినవన్నీ ఉంటాయి, అడిగినవి ఉండవు. ముందు రెండో మైకు కొంటే మంచిది.

ఈ సైటు, యాప్ దేనికి కాదో కూడా చెప్పాలి, ఎందుకంటే రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. "నా పెన్షన్ ఆగింది, ఇందులో చూడమ్మా" అంటే కుదరదు. రేషన్ కార్డు, పట్టా మార్పిడి, కుల ధ్రువపత్రం ఇవేవీ ఇందులో ఉండవు. మన రాష్ట్రంలో సర్టిఫికెట్లు, బిల్లుల లాంటివాటికి 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ఉంది. అర్జీ పెట్టుకోవాలంటే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వొచ్చు, లేదా 1100కి ఫోన్ చేయొచ్చు. మున్సిపాలిటీల్లో ఉండేవాళ్ళకి కూడా ఇది కాదు, వాళ్ళ లెక్కలు ఇందులో ఉండవు.

ఇంకో మాట, సెక్రటరీల వైపు నుంచి. మా సెక్రటరీ గారు ఒక్కరే చెత్త బండి చూడాలి, పన్ను వసూలు చూడాలి, పింఛన్ల రోజు తిరగాలి, సర్వేలు చేయాలి, ఈ సైటులో ఎక్కించాలి. డిజిటల్ సంతకం కీ పనిచేయక బిల్లు ఆగిన రోజు ఆయన మొహం చూస్తే జాలేస్తుంది. డబ్బు చేత్తో ఇచ్చే పని లేదు, డిజిటల్ సంతకాలతో నేరుగా పనిచేసినవాళ్ళ ఖాతాకే పోవాలి, అది మంచి ఏర్పాటే. కానీ ఎక్కించేది అలసిపోయిన మనిషి అయితే సైటులో పేర్లు ఇలాగే ఉంటాయి. కాబట్టి ప్రింటు పట్టుకుని వెళ్ళేటప్పుడు దొంగని పట్టుకున్నట్టు వెళ్ళకండి. మామ్మగారు అడిగినట్టు అడగండి.

నాకు కావాల్సినవి రెండు. ఒకటి, ప్రతి పని పక్కన ఎం-బుక్ పేజీ ఫోటో పెట్టాలి. కొలిచింది ఎలాగూ రాస్తారు, దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి ఎక్కించడానికి ఎంతసేపు? అది ఉంటే మా ఊళ్ళో ఆ పుకారు పుట్టేదే కాదు. రెండు, పని అయిపోయిందని ఎక్కించే ముందు ఆ వీధిలో ఉండేవాళ్ళు ఒకరిద్దరు అవునని చెప్పాలి. యాప్‌లో రేటింగ్ ఇచ్చే ఏర్పాటు ఉంది, కానీ అది పని అయ్యాక. అప్పటికి బిల్లు వెళ్ళిపోయి ఉంటుంది.

మార్కులు వేయాలంటే సైటుకి అయిదుకి మూడున్నర. లాగిన్ లేకుండా ఇంత సమాచారం బయట పెట్టినందుకే రెండు వేస్తాను. యాప్‌కి మూడు, అందులో ఒకటి వాతావరణానికి. మీ పంచాయతీ వాళ్ళు సరిగ్గా ఎక్కించేవాళ్ళయితే ఇంకో మార్కు మీరే కలుపుకోండి.

వచ్చే సభకి వెళ్ళేవాళ్ళు ఇంత చేస్తే చాలు. నిరుటి ప్లాన్‌లో మీ వీధి పేరున్న పనులు వెతకండి. అయిపోయిందన్నవాటి చివరి దాకా నడిచి చూసిరండి, మొదట్లో కాదు, చివర్లో చూడాలి. టైడ్‌లో ఎంత మిగిలిందో, అన్‌టైడ్‌లో ఎంత మిగిలిందో విడివిడిగా రాసుకోండి. మీ ప్రశ్న తీర్మానం పుస్తకంలో రాసేదాకా కూర్చోండి, టీ ఇచ్చారని లేవకండి. మా షాపులో ఈ ప్రింటు పేజీకి 5 రూపాయలు, రంగుల్లో కావాలంటే 10. బ్లాక్ అండ్ వైటే తీసుకోండి, అంకెలకి రంగులెందుకు.